మొగ తవ్విన ముత్తాతలు

ఇందులో అక్షరం అబద్ధమైతే నా రెండు చెవులూ కోసి చేపలకు వెయ్యి, మరిదీ. అంతా కళ్ళారా చూశాను. అప్పటికి నాకింకా మూడొందలేళ్ళు నిండలేదు, చూపు బాగుండేది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక రేవుపట్నం. ఉత్తరపు గట్టు నక్కల రాజ్యం, దక్షిణపు గట్టు పిల్లుల రాజ్యం. నక్కలు దాన్ని నక్కలరేవు అనేవి, పిల్లులు మార్జాలపట్నం అనేవి. అక్కడ కాపురముండే పీతల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక ఏడాది చేపలు ఎంత పడ్డాయంటే, పడవలు నీళ్ళమీద కాదు, చేపల మీదే నడిచాయి. దాంతో రెండు రాజ్యాలకూ చరిత్ర గుర్తొచ్చింది. నక్కల పండితుడు జిత్తయ్య ఏడు బళ్ళ తాటాకులు తెచ్చి, ఈ మొగ తవ్వింది మా ముత్తాతే అన్నాడు. పిల్లుల పండితురాలు మీసాలమ్మ తొమ్మిది బళ్ళు దింపి, కాదు మా ముత్తవ్వ, అదీ ఒంటికాలితో అంది. తాటాకులింకా పచ్చిగానే ఉన్నాయి. ఇద్దరికీ కుదిరింది ఒక్కటే: ఎవరు గెలిచినా వారంలో పీతలు బొరియలు ఖాళీ చెయ్యాలి.

పీతల పెద్ద సూరాలమ్మకి అప్పుడే వెయ్యిన్నొక్కమంది పసిపిల్లలు. ఎక్కడికని పోతుంది? పక్కవాటుగా నడుస్తూ సభలోకొచ్చింది.

"ఇద్దరి మాటా కాదనను. మా రేవులో ఒకటే కట్టుబాటు. మొగ ఎవరి పెద్దలు తవ్వారో, వరద తీశాక ఏటా పూడిక తియ్యాల్సింది వాళ్ళ వారసులే. ఈ ఏడు బురద తాడిచెట్టంత పేరుకుంది. ఎవరో చెబితే గంపలు తెప్పిస్తాను."

జిత్తయ్య బురద చూశాడు, దువ్వుకున్న తన తోక చూసుకున్నాడు.

"అక్కయ్యా, తాటాకు మళ్ళీ చదివితే ఆ ఘనత మీ ముత్తవ్వదే అనిపిస్తోంది."

"అంత తగ్గించుకోకండి అన్నయ్యా. తవ్వింది మీ ముత్తాతే. మా అవ్వకి కాలు తడిస్తే జ్వరమొచ్చేది."

పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఒకరికొకరు రేవుని దానమిచ్చుకున్నారు. మరి ఇన్నాళ్ళూ పూడిక తీసిందెవరని సూరాలమ్మ మెల్లగా అడిగింది. "మీరేగా" అన్నారిద్దరూ, మొదటిసారి ఒక్క గొంతుతో. అయితే ఆ ముక్కే రాసి పాదాల గుర్తులు వెయ్యమంది. వేసి, ఎవరి గట్టుకు వాళ్ళు పరుగు. పీతలు పూడిక తీసి, పాపం అలిసిపోయారని ఇద్దరికీ చెరో గంప చేపలు పంపాయి.

ఊరు ఎవరిదో చెప్పేది పాత తాటాకు కాదు, ఈ ఏటి బురద.

సరేగానీ మరిదీ, వీధి కాలువ మన తాత తవ్విందేనని ఎదురింటి అప్పలకొండతో నిన్నంతా వాదించావుగా. అది పూడిపోయింది. పార తలుపు మూలనుంది, పట్టుకెళ్ళు.