గుండ్రంలో బూట్లు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం భానోజీ మాస్టారికి ఏనాడూ అలవాటు లేదు. విజయనగరంలో కామర్సు చెప్పి రిటైరైన మనిషి ఆయన. క్లాసులో ఎవరైనా సందేహం అడిగితే వెంటబెట్టుకుని ఏ కిరాణా కొట్టుకో, ఏ రైల్వే గూడ్సు షెడ్డుకో తీసుకుపోయేవారు. తిరిగొచ్చేదాకా పిల్లలు ఆయన్ని మనసులో తిట్టుకునేవారు. కొందరు తిరిగొచ్చాక కూడా తిట్టుకునేవారు.

ఆ పాత శిష్యుల్లో తారకేశ్ ఒకడు. హైదరాబాదులో ట్రావెల్స్ కంపెనీలో పనిచేసేవాడు. కరోనా వచ్చి విమానాలే ఎగరకపోతే ట్రావెల్స్‌తో ఎవరికి పని? ఉద్యోగం పోయి విజయనగరంలో ఇంటికి చేరాడు. ఇంట్లో తండ్రిది టెంట్ హౌసు. పెళ్లిళ్లన్నీ ఆగిపోయి షామియానాలూ కుర్చీలూ గోడౌనులో పడి ఉన్నాయి. ఇక బిజినెస్ స్కూల్లో సీటు ఒక్కటే తనకు దారి అని అతను తేల్చుకున్నాడు. ఆ స్కూలువాళ్లు అడిగింది ఒకే ఒక వ్యాసం: ఈ మహమ్మారి కాలంలో మీరు ముందుకొచ్చి నడిపించిన సందర్భం ఏది? దాంతోపాటు చదువు చెప్పిన గురువు సిఫార్సు కావాలి. రెండింటికీ ఒకటే గడువు.

వ్యాసం ఎప్పుడు పంపినా మాస్టారు తిప్పి పంపేస్తున్నారు. దిద్దరు, గీత గీయరు. "ఇందులో నువ్వు కనపడలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. సాయంత్రంతో గడువు సరి అనగా, ఆ ఉదయం తారకేశ్ ఓపిక నశించి మాస్టారి గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు.

"ఇంకేం రాయాలి మాస్టారూ? నేను కనపడాలంటే పైన ఫొటో అంటించమంటారా?"

మాస్టారు మాస్కు పెట్టుకుని, చెవుల మీంచి తువ్వాలు చుట్టుకుని, అతని చేతికొక సంచీ ఇచ్చారు. "పద, కూరలు తెచ్చుకుందాం."

తారకేశ్‌కి ఒళ్లు మండిపోయింది. కానీ సిఫార్సు ఆయన చేతిలో ఉంది. వెంట నడిచాడు.

ఆ రోజుల్లో కూరగాయల బజారుని హైస్కూలు గ్రౌండులోకి మార్చారు. ఒక్కో బండి ముందూ ఒక వరస, వరసలో మనిషికొక సున్నం గుండ్రం. ఏర్పాటు బాగానే ఉంది. మనవాళ్లు అంతకన్నా బాగా ఏర్పాటు చేసుకున్నారు. కుళాయి దగ్గర బిందె పెట్టి కబుర్లకు పోయినట్టు, గుండ్రంలో చెప్పులు విడిచి, అందరూ వెళ్లి ప్రహరీగోడ నీడలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. చెప్పులు మాత్రం దూరందూరంగా, ఎంతో క్రమశిక్షణగా ఉన్నాయి.

మాస్టారు మునక్కాడల బండి వరసలో తన గుండ్రంలో తాను నిలబడ్డారు. తారకేశ్ వెనక గుండ్రంలో కాసేపు ఉన్నాడు. మాడు పేలిపోతుంటే బూట్లు అక్కడే విప్పేసి గోడ నీడకు చేరాడు. అక్కణ్నుంచే కేకలేసి వాదన మొదలుపెట్టాడు.

"కుటుంబ వ్యాపారాన్ని డిజిటల్ బాట పట్టించాను అని రాశాను. దానికేం తక్కువైంది మాస్టారూ?"

"ఏటి బాట బాబూ అది?" అంది పక్కనున్న పైడమ్మ. అదే మునక్కాడల వరసలో చెప్పులు విడిచిన ముసలావిడ.

"వలస కూలీలకి పులిహోర పొట్లాలు పంచానని కూడా రాశాను!"

పంచిన మాట నిజమే. ఒక పూట పంచాడు, ఫొటో కూడా దిగాడు. మాస్టారు వెనక్కి తిరక్కుండానే అడిగారు. "మీ నాన్న ఈ పూట ఏం చేస్తున్నాడు?"

"ఏముంది, షామియానాలు ఎండేస్తున్నాడు. చెమ్మ పట్టకూడదట, ఎలకలు కొట్టకూడదట. రోజూ ఇదే గోల. ఒక కొస ఆయన, రెండో కొస నేను. అద్దెకి అడిగే నాథుడు లేడు, ఎండేయడం మాత్రం మానడు. అదేమైనా రాసుకునే విషయమా?"

మాస్టారు తువ్వాలు సర్దుకున్నారు.

ఇంతలో కానిస్టేబులు మైకు పట్టుకుని వచ్చి గోడ నీడలో ఉన్నవాళ్లని దులిపేశాడు. తారకేశ్‌కి పొద్దుట్నుంచీ ఉన్న కోపమంతా వెళ్లగక్కడానికి చోటు దొరికింది. అతనూ జనం మీదికి తిరిగాడు. "సిగ్గుండాలండీ! ఆ గుండ్రాలు గీసింది మీకా, మీ చెప్పులకా? రోగం చెప్పులకొస్తుందా? ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా?"

జనం తలలు దించుకున్నారు. పైడమ్మ మాత్రం దించలేదు.

"మాకు బాగానే సెప్పావు గానీ బాబూ, ఆ మునక్కాడల బండికాడ నీలం బూట్లు ఎవులివి? ఇందాకట్నుంచి వరస కదిలినప్పుడల్లా నేనెళ్లి నా సెప్పులతోపాటు వాట్నీ ముందుకి తోసొస్తన్నాను."

గోడ గోడంతా నవ్వింది. కానిస్టేబులు కూడా మైకు పక్కకి తిప్పుకుని నవ్వాడు. తారకేశ్ మొహం కందిపోయింది. పైడమ్మ మీద కోపం, జనం మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువ ఈ ఎండలోకి లాక్కొచ్చిన మాస్టారి మీద కోపం. విసవిసా నడిచి వెళ్లి గుండ్రంలో పడ్డాడు. బూట్లు పెనంలా కాలుతున్నాయి. అయినా పట్టుదలగా కాళ్లు దూర్చాడు.

"నా వ్యాసం మాట తేల్చండి. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యొద్దు. నిలబడు."

నిలబడ్డాడు. చెమట కళ్లల్లోకి కారుతోంది. ముందర మాస్టారి వీపు, వెనక ఎవరివో ఖాళీ చెప్పులు. ఆ చెప్పుల్ని అలా ఎంతసేపు చూశాడో గానీ, జేబులోంచి ఫోను తీసి వ్యాసం తెరిచాడు. డిజిటల్ బాట చెరిపేశాడు. పులిహోర చెరిపేశాడు. ఖాళీ అయ్యాక మళ్లీ ఇలా మొదలుపెట్టాడు: మార్చి నుంచీ నేనూ మా నాన్నా ఎవరూ అడగని షామియానాలు ఎండేస్తున్నాం. రెండో కొస నాది. ఆయన ఎందుకు మానడో నాకు ఇవాళ్టిదాకా అర్థం కాలేదు. ఒకరోజు విసుగొచ్చి నా కొస వదిలేశాను. నేను తిరిగి పట్టుకునేదాకా ఆయన తన కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరినైనా నడిపించానని చెప్పలేను, నన్ను మాత్రం ఆయన నడిపిస్తున్నాడు.

వరస కదిలినా ఆగలేదు, నడుస్తూనే రాశాడు. రాసింది మళ్లీ చదువుకుంటే భయం వేసింది. చదవకుండానే ఉంటే బాగుండేదనుకుంటూ మాస్టారికి పంపేశాడు.

ముందు గుండ్రంలో మాస్టారి ఫోను మోగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, నిదానంగా చదివారు. బండివాడు కాడలు ఎన్ని కావాలని అడుగుతున్నా వినిపించుకోలేదు. అప్పుడు మొట్టమొదటిసారి వెనక్కి తిరిగారు.

"ఎండ తగులుతోందా?"

"మాడిపోతున్నాను మాస్టారూ!"

"అయితే నిలబడింది నువ్వే, బూట్లు కాదు. ఈ వ్యాసంలోనూ అంతే."