గవరమ్మకు వచ్చిన రెండు ఉత్తరాలు

అనగనగా ఒక నగరంలో ఉత్తరాల చావడి తగలబడి, జనం ఉత్తరాలన్నీ బూడిదయ్యాయి. దాంతో అధికారి దండపాణి ఊరి నాలుగు కొసల్లో నాలుగు చావళ్లు పెట్టి, జనాన్ని వాటికి పంచాడు. ఎవరి చావడి ఏదో ఒక్కసారే చెబుతానన్నాడు.

బుట్టలల్లే ముసలి గవరమ్మ తన చావడి మర్చిపోయింది. తూర్పుదా? దక్షిణానిదా? ఎంత ఆలోచించినా తెగలేదు. కూతురికి నెలలు నిండాయి, కబురు వచ్చిందో లేదో! నాలుగూ తిరగడానికి మోకాళ్లు ఒప్పుకోవు. దండపాణి దగ్గరికే వెళ్లి అడిగింది.

"రెండోసారి చెప్పేది లేదు, పోవే ముసలీ!" అని దండపాణి కసిరాడు.

గవరమ్మ అరుగు మీద కూర్చుని ఏదో రాసి, మడిచి ఇచ్చింది. "అయితే ఈ ఉత్తరం పంపండి బాబూ."

"ఎవరికి?"

"బుట్టల గవరమ్మకి."

దండపాణి తల ఎత్తకుండానే చిట్టా తిరగేసి, "ఒరేయ్, పడమటి చావడికి!" అని బంట్రోతును కేకేశాడు. గవరమ్మ కర్ర అందుకుంది.

"ఆగు! నేను నీకు చెప్పలేదు!"

"అవును బాబూ, బంట్రోతుకి చెప్పారు."

పడమటి చావడిలో ఆమెకు రెండు ఉత్తరాలు ఇచ్చారు. మొదటిదాంట్లో మనవరాలు పుట్టిందని ఉంది. రెండోది ఎవరు రాశారా అని అయోమయంగా విప్పింది.

"గవరమ్మా, ఈ చావడే నీది. మళ్లీ మర్చిపోకు."