అందించిన అక్షరం

"తడబడే పిల్లకు ఒక్క మాట అందిస్తే తప్పా మాస్టారూ?"

హైమ ఈ మాట అడిగేసరికి దేవసహాయం మాస్టారు గొడుగు తీసుకుని లేచారు. "పద, అట్టా ఆస్పత్రి దాకా వెళ్ళొద్దాం" అన్నారు. ఏది అడిగినా ఆయన చేసే పని ఇదే. జవాబు నోటితో చెప్పరు, మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకుపోతారు. హైమ ఆయన దగ్గరే చదువుకుని, డిగ్రీ ముగించి, ఇప్పుడు ఆయనకే చేదోడుగా ఉంటోంది. అలవాటైన వ్యవహారమే అయినా ఆ రోజు ఆమెకు ఒళ్ళు మండింది. బయట చీరాల ఎండ మాడు పగలగొడుతుంటే, ఔననో కాదనో తేలిపోయే ప్రశ్నకు ఊరేగింపు దేనికి?

మాస్టారు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏటా వేసవిలో ఇంటర్ పిల్లల్ని పోగుచేస్తారు. పొద్దున లైబ్రరీ మేడమీద పెద్ద కాలేజీల్లో సీటు తెచ్చుకునే చదువు. ఎండెక్కాక తలా ఒక చోట పని నేర్చుకోవడం. ఒకరు ప్రెస్సులో, ఒకరు కోల్డ్ స్టోరేజీలో, ఇంకొకరు ధర్మాన నడిచే కంటి ఆస్పత్రిలో. దీన్ని ఇంటర్న్‌షిప్ అంటారని మాస్టారు ఎంత చెప్పినా ఊరి జనానికి నోరు తిరగలేదు. మాస్టారి పనిబడి అని వాళ్ళే ఒక పేరు పెట్టేసుకున్నారు.

ఆ పనిబడిలో షమీమ్ అనే పిల్ల ఉంది. హైదరాబాదులో ఒక కాలేజీ వాళ్ళు పేదింటి ఆడపిల్లలకు ఊరికే తిండిపెట్టి చదువు చెబుతారు. దాని రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. అది తప్పిపోతే చదువు ఆపించి బట్టల షాపులో పనికి పంపుదామని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు. అందుకే హైమ తనే కూర్చుని జవాబులు తయారుచేసింది, పిల్లచేత వల్లె వేయించింది. ఆ ఉదయం మాస్టారు ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి, "ఎందుకమ్మా నీకు చదువు?" అని అడిగితే షమీమ్ "సమాజానికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పక్కన కూర్చున్న హైమ పెదవులు కదిపి 'సేవ' అందించింది. మాస్టారు అది చూసి, "ఇవాళ్టికి చాలు" అని లేచిపోయారు. హైమ మనసు చివుక్కుమంది. ఏం, ఆ పిల్లకు సీటు రావడం ఆయనకు ఇష్టం లేదా?

ఆస్పత్రిలో అక్షరాల చార్టు వేలాడే గదిలో వెనక బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. షమీమ్ అప్పటికే పనిలో దిగింది. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను అట్టముక్కతో మూసి, ఎదురుగా గోడమీదున్న చార్టు చదివించాలి. ఎంతవరకు చదివారో వసంతకు చెప్పాలి. వసంత అక్కడ కళ్ళజోళ్ళకు కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగి. మూలన ఇంకొకరి కంటికి అద్దాలు మార్చి మార్చి చూస్తోంది.

కుర్చీలోకి వీరభద్రయ్య అనే ముసలి నేతపనివాడు వచ్చాడు. వీధిలో మనుషులు ఆనడం లేదని, మగ్గం మీద పోగు తెగినా కనబడటం లేదని, తడుముకుని అతికేసరికి పొద్దుపోతోందని చెప్పాడు. పెద్ద అక్షరాలు టకటకా చదివేశాడు. నడిమి వరసలోకి వచ్చేసరికి గొంతు తగ్గింది. "అది... 'వ'నా? కాదేమో..." అంటూ నీళ్ళు నమిలాడు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళందరూ తననే చూస్తున్నారని పెద్దమనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

షమీమ్ కొంచెం వంగి, "ప" అంది గుసగుసగా.

"ప!" అన్నాడు వీరభద్రయ్య ధైర్యంగా. తరవాతిదీ అంతే. ఆ తరవాతిదీ అంతే.

హైమకు ముందు ఇందులో వింతేమీ కనబడలేదు. షమీమ్ చదివిన బళ్ళోనే తనూ చదివింది. అయ్యవారు ఎవరినైనా లేపి ప్రశ్న వేస్తే వెనక బెంచీ జవాబు అందించి తీరాలి. అందించనివాళ్ళతో ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నిలబడ్డవాడి పరువు కాపాడటమే అక్కడ స్నేహం. షమీమ్ ఆ ముసలాయన పరువు కాపాడుతోంది, అంతే కదా. ఇలా అనుకుని చిన్నగా నవ్వుకోబోయిన హైమకు, గోడమీదున్నది అయ్యవారి ప్రశ్న కాదన్న సంగతి తట్టి నవ్వు ఆగిపోయింది.

"కింది వరస దాకా చదివారక్కా" అంది షమీమ్. వసంత తలెత్తకుండానే, "అయితే దూరపు చూపు బాగానే ఉన్నట్టు. మందు రాయించుకుని వెళ్ళమను" అంది. వీరభద్రయ్య పిల్లకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. "చల్లగా ఉండు తల్లీ. కళ్ళు పోయినయ్యేమోనని హడలి చచ్చా" అంటూ వరండాలోకి నడిచాడు.

మాస్టారు చటుక్కున లేచారు. కానీ ఆయనకంటే ముందే షమీమ్ గుమ్మం దగ్గర నిలబడిపోయి ఉంది. మెట్లకింద వీరభద్రయ్య చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక కాలికి తనది. రెండో కాలికి ఎవరో ఆడమనిషిది, ముందు గులాబీ పువ్వున్నది. దాన్ని కాలితో అటూ ఇటూ తిప్పి, పట్టక, "ఎండకు బిగుసుకుపోయినట్టుంది" అని గొణుక్కుంటున్నాడు.

చూసినవాళ్ళు నవ్వారు. షమీమ్ నవ్వలేదు. మెట్లు దిగి ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతా, లోపలికి రా. మళ్ళీ చదువుదువుగాని."

"చదివాగా అమ్మా?"

"నువ్వు చదవలా. నేను చదివా."

లోపలికి తెచ్చి వసంత ముందు నిలబెట్టి, "తప్పు నాదక్కా. నేనే అందించా" అని చెప్పింది.

"ఏం అందించావే?"

"అక్షరాలు."

వసంత తిట్టడానికి నోరు తెరిచి, పిల్ల మొహం చూసి, "కూర్చోబెట్టు" అని మాత్రం అంది.

ఈసారి షమీమ్ చున్నీ కొస నోటికి అడ్డంగా పట్టుకుంది. వీరభద్రయ్య నడిమి వరస దగ్గర మళ్ళీ ఆగాడు. పిల్లవంక చూశాడు. పిల్ల పలకలేదు. "వ" అన్నాడు. తప్పు. "న" అన్నాడు. అదీ తప్పే. ఆయన గొంతు సన్నబడుతున్నకొద్దీ షమీమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట సాయం చేయకుండా నిలబడటం ఇంత కష్టమని హైమ ఎన్నడూ అనుకోలేదు. తన నోట్లోనూ ఆ 'ప' వచ్చి కూర్చుంది.

ఆయన ఎక్కడ ఆగాడో, ఏది తప్పు చదివాడో చూసుకుని వసంత కదిలింది. ముక్కుమీద ఇనప చట్రం పెట్టి అద్దాలు వెయ్యసాగింది. ఇది బాగుందా, ఇందాకటిదా? ఇదా, ఇదా? అద్దం మారినకొద్దీ ముసలాయన వీపు నిటారైంది. ఒక అద్దం పడ్డాక ఆయన గోడవంక చూస్తూ ఎవరూ అడక్కుండానే నడిమి వరస, దాని కింది వరస, ఆ కిందిదీ చదువుకుంటూ పోయాడు. ఆఖరి అక్షరం అయ్యాక ఆ చట్రంతోనే షమీమ్ వైపు తిరిగి, "ఓసి, నువ్వింత చిన్నపిల్లవా!" అన్నాడు. గదంతా నవ్వింది. హైమకు కడుపు నిండినట్టయింది.

ఎండ తగ్గాక వరండాలో మాస్టారు షమీమ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పొద్దుటి ప్రశ్నే అడిగారు. "ఎందుకమ్మా నీకు చదువు?"

"సమాజానికి..." అంది షమీమ్. ఆగింది. అలవాటుగా హైమవంక చూసింది. హైమ ఒడిలో చేతులు బిగించి, వీధిలో పోయే ఆటోవంక చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ మాట రాలేదు. మాస్టారు తొందరపెట్టలేదు.

చివరికి పిల్ల తల వంచుకునే చెప్పింది. "ఆ తాత నాకు దణ్ణం పెట్టాడు సార్. మంచి చేశాననే అనుకున్నా. చూపు గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియదు. ఆయన తప్పుల్లోనించి వసంతక్క ఆ అద్దం ఎట్టా పట్టుకుందో నాకు తెలియాలి. అది తెలిసేదాకా చదవాలి."

మాస్టారు తల ఊపి, ఇక ఇంటికి వెళ్ళమన్నారు. షమీమ్ వీధి మలుపు తిరిగేదాకా హైమ ఆమెనే చూస్తూ ఉంది. పిల్లమీద ముద్దు ముంచుకొచ్చింది, దాని వెనకే భయమూ వచ్చింది.

"జవాబు బంగారంలా ఉంది మాస్టారూ. కానీ ఇంటర్వ్యూలో కూడా ఇంతసేపు ఆగిపోతే?"

మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగారు.

"ఆగనియ్యమ్మా. ఏ అద్దం వెయ్యాలో వాళ్ళకీ తెలియాలిగా."