చిలకల గోడ ఎవరిది?

అద్దెలకు పగ్గాల్లేని పాత రాజుల కాలంలో, పిడకలమ్ముకుని బతికే గవరమ్మ ఒక పెంకుటింట్లో అద్దెకుండేది. ఆ ఇంటి వీధిగోడ సరిగ్గా ఇంటాయన భుజంగరాయుడి మేడకు ఎదురుగా ఉండేది. పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే రాయుడికి గోడ నిండా పిడకలే కనిపించేవి. ఒళ్లు మండి, ఆ గోడకు గచ్చు చేయించి చిలకల బొమ్మలు వేయించాడు. కప్పు కారుతోందని గవరమ్మ ఎంత మొత్తుకున్నా అటుకేసి చూడలేదు.

పని కాగానే ఆమెను పిలిపించాడు. "ఇల్లు బాగుచేయించాను. ఇకనుంచి అద్దె రెట్టింపు. కాదంటే ఖాళీ చెయ్యి."

"ఇంట్లో ఉండే నాకు ఆ బొమ్మలు కనిపించవు కూడా బాబూ!"

"అయితే ఏమిటే? నువ్వున్నన్నాళ్లూ ఆ గోడ నీదే. దానికి అద్దె నువ్వు కాక నేను కడతానా?" అని వీధంతా వినేలా గద్దించాడు రాయుడు.

"గోడ నాదన్నారు, అంతే చాలు" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది గవరమ్మ.

మర్నాడు చిలకలు చూపిద్దామని రాయుడు చుట్టాలను అరుగు మీదికి తీసుకొచ్చాడు. అప్పటికే ఒక చిలక పిడకల చాటుకు పోయింది. రెండో చిలక మీద గవరమ్మ పిడక కొట్టబోతోంది.

"ఆగవే! అది నా గోడ!" అని కేకేశాడు రాయుడు.

గవరమ్మ చెయ్యెత్తినట్టే ఉంచి వెనక్కి తిరిగింది. "మీదైతే పాత అద్దే కడతాను. నాదైతే పిడక కొడతాను. తొందరగా చెప్పండి బాబూ, పేడ ఆరిపోతోంది."

చుట్టాలు నవ్వాపుకుంటున్నారు. "నాదే! పాత అద్దే కట్టవే!" అన్నాడు రాయుడు.

"మరి కారుతున్న ఆ కప్పు ఎవరిది బాబూ?" అంది గవరమ్మ, ఎత్తిన చెయ్యి దించకుండానే.