గంప బరువు

ముకుంద్ మొహం మీదే తలుపు వేసేసింది చెన్నమ్మ. లోపల గడియ పడిన చప్పుడు కూడా వినిపించింది.

అతను మెట్టు మీదే నిలబడిపోయాడు. చేతిలో కొక్కెం తూకం, దానికి వేలాడుతున్న చిన్న గుడ్డ ఉయ్యాల. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. దాన్ని ఏడుపనడానికి కూడా లేదు, గొంతు పెగలక మూలిగినట్టుంది. ఆ మూలుగు ఆగినప్పుడల్లా ముకుంద్ తలుపుకు చెవి ఆనిస్తున్నాడు.

నల్లమల కొండల కిందనున్న ఆ పల్లెల్లో అతను డాక్టర్ మాణిక్యాంబ దగ్గర పరిశోధన నేర్చుకుంటున్నాడు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు మొదటి రోజుల్లోనే ఎందుకు చేజారిపోతున్నారు, ఏం చేస్తే నిలబడతారు అన్నది ఆవిడ ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న. పుట్టిన రోజే బరువు తెలిస్తే ప్రమాదాన్ని ముందే పసిగట్టవచ్చని వాదించి, ఈ కొక్కెం తూకాలను పట్నం నుంచి తెప్పించింది మాత్రం ముకుందే. పది గ్రాముల తేడా కూడా రాదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పుకోవడంలో తప్పు లేదు. కానీ తూకం ఎంత గొప్పదైనా అందులో పడుకోవడానికి బిడ్డ రావాలి కదా.

ఆ పల్లెల్లో పురుడు వెళ్లేదాకా బిడ్డను ఊరు దాటించరు, తూకానికి తాకించరు. తూకం వేసేది అమ్మే వస్తువును. సంతలో మేకపిల్లను కొక్కేనికి తగిలించినట్టు కన్నబిడ్డను తగిలిస్తే దిష్టి కొడుతుందని వాళ్ల భయం. ముకుంద్ ఆ సంగతి చదివాడు, విన్నాడు, సర్ది చెప్పవచ్చులే అనుకున్నాడు.

పోయిన నెల ఇలాగే ఒక ఇంట్లో "పురుడు ఎల్లినంక రా సారూ" అంటే మర్యాదగా వెనక్కి వచ్చేశాడు. మర్నాడు ఆ దారిన వెళితే, ఉయ్యాల కట్టిన చీర ఉతికి దండెం మీద ఆరేసి ఉంది, లోపల బిడ్డ లేదు. ఇంట్లోవాళ్లు అతన్ని ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఆరేసిన చీర ఎక్కడ కనిపించినా అతను చూపు తిప్పుకునేవాడు.

అందుకే ఈవేళ వెనక్కి రాకూడదనుకున్నాడు. చెన్నమ్మ కూతురు సబితకు నెల ముందే నొప్పులొచ్చి, తెల్లవారుజామున ఇంట్లోనే ఆడపిల్ల పుట్టిందని తెలియగానే పరుగున వచ్చాడు. చెన్నమ్మ వద్దంది. బతిమాలాడు. మళ్లీ వద్దంది. అప్పుడు అతని నోట వచ్చేసింది.

"తూకం వెయ్యకపోతే నీ మనవరాలు బతకదు."

పురిటింటి గుమ్మంలో నిలబడి పగవాడు కూడా అనని మాట అది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. చెన్నమ్మ తలుపు వేసింది.

ఊరి చివర బడి వరండాలో మాణిక్యాంబ గర్భిణులను చూస్తోంది. పొట్టి మనిషి, లావు మనిషి. అరవై దాటినా మెట్లెక్కడానికి ఎవరి చెయ్యీ పట్టుకోదు. ముకుంద్ రొప్పుతూ వచ్చి జరిగిందంతా చెప్పాడు, తనన్న మాట తప్ప.

ఆవిడ అతని వైపే చూసింది. ఇంకేదో మిగిలిందని ఆ చూపులోనే ఉంది.

"బతకదు అన్నాను మేడం," అన్నాడు తల దించుకుని.

కేకలేస్తుందనుకున్నాడు. ఆవిడ లేచి, గర్భిణులు ఎక్కి నిలబడే తూకం మిషను చంకన పెట్టుకుంది.

"నీ కొక్కెం ఇక్కడే పెట్టేయ్."

"మేడం, ఇందులో వంద గ్రాములు అటూ ఇటూ వస్తుంది."

"రానీ."

చెన్నమ్మ ఇంటి ముందుకు చేరాక ఆవిడ తలుపు కొట్టలేదు. వాకిట్లో ఉన్న చదును బండ మీద మిషను పెట్టి, చెప్పులు విడిచి, తనే ఎక్కి నిలబడింది.

"చెన్నమ్మా, ఒకసారి బయటికొచ్చి ఈ అంకె చదివి పో. నాకు కళ్లద్దాలు లేవు."

కళ్లద్దాలు ఆవిడ నెత్తి మీదే ఉన్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకుంటూ వాకిట్లోకి వచ్చారు. తలుపు ఒక రెక్క తెరుచుకుంది. చెన్నమ్మ తల బయటపెట్టి చూసింది. సీతాఫలాల కాలంలో గంపలు సంతకు మోసే మనిషి ఆమె, అంకెలు ఆమెకు కొత్త కాదు.

"డెబ్బై తొమ్మిది," అంది.

"తప్పు చదివినవ్."

"నేనెందుకు తప్పు చదువుతనమ్మా. నీ మిషనే చెప్తున్నది."

"అయితే మిషనే తప్పు. నువ్వెక్కు చూద్దాం."

ఆడవాళ్లు బయటికే నవ్వేశారు. చెన్నమ్మకూ నవ్వొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కింది, దిగింది. పక్కింటావిడ ఎక్కింది.

ముకుంద్‌కు ఒళ్లు మండిపోతోంది. లోపల మూలుగు సన్నగిల్లుతోంటే ఇక్కడ జాతర జరుగుతోంది. పెద్దావిడకు వినపడటం లేదా? నోరు తెరవబోయాడు. మాణిక్యాంబ అతని వైపు చూడకుండానే అరచెయ్యి చూపించి ఆగమంది. ఆవిడ చెవి మాత్రం తలుపు వైపే ఒరిగి ఉండటం అతనొక్కడే చూశాడు. అప్పుడు తెలిసింది, ఆవిడ కూడా ఆ మూలుగునే వింటోందని. అతని భయం రెట్టింపయింది.

"ఇంతమందిమి ఎక్కినం. ఎవరికన్నా దిష్టి తగిలిందా?" అంది మాణిక్యాంబ. "సబితను కూడ రమ్మను."

చెన్నమ్మ మొహంలో నవ్వు పోయింది. "అది బిడ్డను దించదమ్మా."

"దించమని నేనన్ననా? ఎత్తుకునే రానీ."

చెన్నమ్మ ఒకసారి మిషనును, ఒకసారి ఆవిడను చూసింది.

"పండ్ల గంప తూకమేసి, పండ్లు ఒంపినంక ఉత్త గంపను తూకమేసి తీసేస్తరు. ఎన్నేండ్ల సంది సంతకు పోతున్న, నాకు తెల్వదా?"

"తెలుసు కాబట్టే నిన్ను అడుగుతున్న."

చెన్నమ్మ ఆలోచించింది.

"నాకు తెలుస్తది గని," అంది చివరికి, "దిష్టికి తీసివేతలు రావులే."

లోపలికి వెళ్లి కూతుర్ని భుజం పట్టి నడిపించుకొచ్చింది. గుడ్డల మూటలా బిడ్డను పొదువుకుని సబిత మిషను ఎక్కింది. తర్వాత బిడ్డను చెన్నమ్మ చేతికిచ్చి ఒక్కతే ఎక్కింది. ముకుంద్ ఆ రెండు అంకెలను చూసి చకచకా తీసివేశాడు. కిలో ఆరువందలు. ఉండాల్సింది రెండున్నర.

మాణిక్యాంబ బిడ్డ అరికాలికి తన చేతి వెనకభాగం ఆనించింది. చల్లగా ఉంది. ఆవిడ ఇక నవ్వులాటలేవీ ఆడలేదు. ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లి, బిడ్డ గుడ్డలు విప్పి, సబిత రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా నిలువుగా పెట్టి, చెన్నమ్మ పాత చీరతో చుట్టి కట్టేసింది. రెండు చుక్కలు ముర్రుపాలు పిండి నోట్లో వేసింది. సబితను కూడా పరీక్షగా చూసింది.

"ఇట్లనే పెద్దాసుపత్రికి పోదాం. బిడ్డ ఇంకా కడుపులనే ఉన్నదనుకో చెన్నమ్మా. ఊరు దాటేది సబితనే."

"నువ్వు కూడ వస్తవా?"

"వస్త."

చెన్నమ్మ తలుపుకు తాళం వేసింది.

బడి దగ్గర నుంచి పిలిపించిన జీపు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. మాణిక్యాంబ డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక తల్లీకూతుళ్లకు ఎదురుగా ముకుంద్. చీర మడతల్లోంచి కనిపిస్తున్న పిడికెడు తల మీదే అతని చూపు. గతుకు వచ్చినప్పుడల్లా ముందుకు వంగి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు. ఊపిరి తగులుతోంది. వెనక్కి వాలతాడు. మళ్లీ వంగుతాడు. చెన్నమ్మ అతన్ని చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. గుమ్మంలో తనన్న మాటను ఆమె మన్నించిందో లేదో అతనికి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

రోడ్డెక్కాక బిడ్డ అరికాలు తాకి చూశాడు. గోరువెచ్చగా అనిపించింది. తన చెయ్యే చల్లగా ఉందేమోనని రెండు చేతులూ రుద్దుకుని మళ్లీ తాకాడు. నిజమే, వెచ్చబడింది. గండం గడిచిందనడానికి లేదు, ఆసుపత్రి ఇంకా దూరముంది. అయినా అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముందు సీట్లోంచి మాణిక్యాంబ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"బరువెంత వచ్చింది ముకుంద్?"

"కిలో ఆరువందలు మేడం," అన్నాడు వెంటనే.

"అది పండ్ల బరువు. గంప బరువెంత?"

ముకుంద్ ఆ అంకెలను గుర్తు తెచ్చుకోబోయాడు. రెండు అంకెలు చూశాడు, తీసివేశాడు, మిగిలినది ఉంచుకున్నాడు. తీసేసినది ఎంతో గుర్తు లేదు.

అప్పుడు తలెత్తి సబిత మొహం చూశాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పెదాలు ఎండి పగిలాయి. చేతి గాజులు జారిపోకుండా మణికట్టు దగ్గర దారం చుట్టుకుంది. ఇంతసేపూ తన కళ్లముందే ఉన్న మనిషి.

జీపు చాలా దూరం వెళ్లింది.

"అమ్మా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అన్నాడు ముకుంద్.

సబిత ఉలిక్కిపడి చీర మడత తొలగించి బిడ్డ మొహంలోకి చూసింది.

"డాక్టరమ్మ పోసినయి రెండు చుక్కలే తాగింది సారూ."

"బిడ్డ సంగతి కాదమ్మా," అన్నాడు అతను. "నువ్వు."

ఆ ప్రశ్న తనను కాదేమోనన్నట్టు సబిత తల్లి వైపు చూసింది.