బండి వెంట నడిచిన సింహం

ఆఫ్రికా ఖండంలో కిరోంబె అనే అడవి ఉంది. మన అడవుల్లా అక్కడ చెట్లు కిక్కిరిసి ఉండవు. కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడ గొడుగుల్లాంటి తుమ్మచెట్లు. జీబ్రాలు, జిరాఫీలు, అడవిదున్నలు, ఏనుగులు, చిరుతలు అందులో బతికేవి. వాటి నడుమ ఒక సింహాల కుటుంబం ఉండేది.

ఆ కుటుంబానికి పెద్ద జూలుదొర. అతని జూలు పొద్దుటి ఎండలో రాగి చెంబులా మెరిసేది. మబ్బి అనే శివంగి, ఆమె ముగ్గురు పిల్లలు, మబ్బికి అమ్మమ్మ అయిన గంటుచెవి అవ్వ అతనితో ఉండేవారు. ఎప్పుడో దున్న కొమ్ము తగిలి అవ్వ చెవి చీలింది. అందుకే ఆ పేరు.

అవ్వకి మరపు వచ్చింది. తిన్నదో లేదో తెలిసేది కాదు. ఒక పిల్లని ఇంకో పిల్ల పేరుతో పిలిచేది. కానీ రోజూ తెల్లవారగానే ఒక దారి గుర్తులు మాత్రం పైకి చెప్పుకునేది.

"ఏనుగు వీపులాంటి బండరాయి. దాని ఎడమకి మూడు పుట్టలు. ఆ పైన ఎండిన వాగు. వాగులో ఎగువకి నడవాలి..."

అవ్వ చిన్నతనంలో పెద్ద కరువు వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఆమెను ఆ దారినే ఒక చెలమ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఏనుగులు ఇసుక తవ్వుతాయి. తవ్విన గుంటలో నీళ్ళు ఊరుతాయి. అవ్వ ఆ గుర్తులు చెబుతుంటే మబ్బి పిల్లలు ఆమెలాగే తల ఊపుతూ, గొంతు వణికిస్తూ వెక్కిరించేవారు. అవ్వ కోప్పడేది కాదు. మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

ఆ అడవికి సింహాలను, చిరుతలను ఫోటోలు తీయడానికి మనుషులు బండ్లలో వచ్చేవారు. బండి చప్పుడు ఆపి నిలబడేది. అందులోంచి ముఖాలు పైకి లేచేవి. ప్రతి ముఖానికీ కళ్ళుండే చోట ఒకే ఒక్క నల్లటి గాజుకన్ను. అది రెప్ప వేయదు. టిక్కుమంటుంది, అంతే. ఆ కన్ను తిరిగిన వైపు జింకలు నిలబడేవి కావు. జూలుదొరకి మాత్రం అదంటే ఇష్టం. దాని ముందు మెడ ఎత్తి, జూలు విదిల్చి నిలబడేవాడు.

తాము మడుగుకి ఎప్పుడు వెళ్ళినా అక్కడ బండి ఉండడం అతను గమనించాడు. బండికి నీళ్ళ జాడ తెలుసని నమ్మాడు. నిజానికి సింహాలు నీళ్ళకి వస్తాయని తెలిసి మనుషులే అక్కడ కాపు కాసేవారు.

ఒక ఏడు వానలు పడలేదు. మడుగు ఎండి బీటలు వారింది. జింకలు ఎటో వెళ్ళిపోయాయి. పక్షులు కూడా కనిపించడం మానేశాయి. పట్టపగలు అడవి అంతా ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. మబ్బి పిల్లలు ఎండిన బురద పెళ్ళలు నాకారు. ఇంకో మూడు రోజులు నీళ్ళు దొరకకపోతే వాళ్ళు బతకరు.

చెలమకి పోదామని అవ్వ అంది. జూలుదొర నవ్వాడు.

"పొద్దున తిన్నావో లేదో తెలియని నీకు చిన్నప్పటి చెలమ గుర్తుందా, అవ్వా? నడిదారిలో ఆగి, మీరెవరు నాయనా అని మమ్మల్నే అడుగుతావు."

అవ్వ భయం కూడా అదే. అయినా నెమ్మదిగా అంది. "నాయనా, ఆ బండి వెతికేది నిన్ను. నీళ్ళని కాదు."

మబ్బి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకరికి బలం ఉంది. ఒకరికి మరపు ఉంది. ఆమె పిల్లల్ని తీసుకుని బలం వెంట వెళ్ళింది. అవ్వ ఎండిన మడుగు దగ్గర ఒంటరిగా కూర్చుండిపోయింది.

సింహాలు కదలడం బండి తోలే ఒతియెనో అనే మనిషి చూశాడు. వెనక కూర్చున్న అతిథులతో, "ఈ ఎండల్లో నీళ్ళు ఎక్కడున్నాయో ఈ సింహానికే తెలుసు. దీన్ని వదలొద్దు," అన్నాడు.

బండి కాస్త ముందుకి పోయి ఆగేది. జూలుదొర దాని వైపు నడిచేవాడు. అతను దగ్గరికి రాగానే, జూలు మీద వెలుగు బాగా పడాలని బండి ఇంకాస్త ఎడమకి తిరిగి ముందుకి పోయేది. అతను మళ్ళీ నడిచేవాడు. సింహం బండిని నమ్ముకుంది. బండి సింహాన్ని నమ్ముకుంది.

రెండో రోజు మధ్యాహ్నం దుమ్ములో అడుగులు కనిపించాయి. ఒక మగసింహం, ఒక శివంగి, చిన్న పిల్లలు ఇటే వెళ్ళారు. ఎంత దూరం చూసినా ఎవరూ లేరు.

"చూశావా," అన్నాడు జూలుదొర. "ముందు వెళ్ళినవాళ్ళు ఉన్నారంటే దారి ఉన్నట్టే."

పొద్దు వాలేసరికి అడుగులు రెట్టింపయ్యాయి. మగసింహాలు ఇద్దరు. శివంగులు ఇద్దరు. పిల్లలు ఆరుగురు. అంతమంది వెళుతున్నా ఒక్క గొంతు కూడా వినిపించదు. మబ్బి వంగి వాసన చూసింది. ఎవరో బాగా తెలిసినవాళ్ళ వాసన. ఆమె వీపు మీద వెంట్రుకలు లేచాయి.

చిన్న అడుగుల పక్కన కాలు ఈడ్చిన గీత ఒకటి ఉంది. ఆమె వెనక్కి తిరిగింది. ముల్లు గుచ్చుకున్న ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఆమె చిన్నకూతురు వస్తోంది.

"దొరా, ముందు వెళ్ళింది మనమే. తిరిగిన చోటే తిరుగుతున్నాం," అంది మబ్బి.

"మన అడుగులు మన వెనక ఉంటాయి. ముందెందుకు ఉంటాయి?" అన్నాడు జూలుదొర. అప్పుడే గాజుకన్ను టిక్కుమంది. అతను మెడ ఎత్తాడు.

మబ్బి పిల్లల్ని తీసుకుని వెనుదిరిగింది. రెండు రోజులు నడిచినా మడుగు కూతవేటు దూరంలోనే ఉంది.

అవ్వ ఆమెను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది.

"నీ మనవరాలిని. లే అవ్వా, దారి చెప్పు."

బండరాయి వచ్చింది. మూడు పుట్టలు వచ్చాయి. ఎండిన వాగులో ఎగువకి నడిచారు. ఒకచోట వాగు రెండు పాయలుగా చీలింది. అక్కడ అవ్వ ఆగిపోయింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఆమె కళ్ళలో ఎవరూ లేనట్టు ఉంది. పైన ఆకాశం తెల్లగా, చప్పుడు లేకుండా కాలుతోంది.

అప్పుడు చిన్నకూతురు తల ఊపుతూ, గొంతు వణికిస్తూ అంది. "రెండు పాయల్లో కొంగ మెడలా వంగినది మనది."

అవ్వ ఉలిక్కిపడింది. "అదే తల్లీ, అదే. నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదా, రోజూ."

కొంగ మెడలాంటి పాయ చివర ఏనుగులు తవ్వి వదిలిన గుంటలు ఉన్నాయి. మబ్బి ముందు కాళ్ళతో ఇసుక తోడింది. ముందు ఇసుక నల్లబడింది. తర్వాత తడి మెరిసింది. నీళ్ళు ఊరాయి. పిల్లలు తాగారు. తర్వాత అవ్వ తాగింది.

మూడో రోజు బండి రాలేదు. అతిథులు తమ దేశానికి వెళ్ళిపోయారు. జూలుదొర చక్రాల జాడ పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. అతని ముందు పది సింహాల అడుగులు, తర్వాత పదకొండు, ఆ తర్వాత పన్నెండు. అంత పెద్ద గుంపులో తాను వెనకబడిపోకూడదని వేగం పెంచాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు.

చాలా దూరంలో, ఒక ఇంటి గోడకి అతని ఫోటో ఉంది. వచ్చినవాళ్ళందరూ ఎంత ఠీవి అని మెచ్చుకుంటారు. అతను మాత్రం గోడ మీద నుంచి వాళ్ళనే చూస్తూ, నీళ్ళెటు అని అడుగుతున్నాడు.

నీతి: మనల్ని చూసి మెచ్చుకునేవారు మనకు దారి చూపలేరు. తెలిసిన దారిని రోజూ పిల్లల చెవిన వేసినవారిని, తాము మరిచిన రోజున ఆ పిల్లలే నడిపిస్తారు.