పెద్దబాతు తల మీద రెండు గీతలు

ఒకప్పుడు అడవి పెద్దబాతు తల పాలమీగడలా తెల్లగా ఉండేది. మచ్చుకైనా ఒక్క నల్ల ఈక లేదు. ఇప్పుడు చూడండి, తల వెనక అడ్డంగా రెండు నల్లటి గీతలు, ఎవరో కాటుక వేలు తుడిచినట్టు! నేను కాలేజీలో జంతుశాస్త్రమే చదివాను. మా మాస్టారు ఆ గీతలు బొమ్మ వేసి చూపించారు గానీ ఎలా వచ్చాయో చెప్పలేదు. అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అందుకని మీకు నేనే చెప్పాలి.

ఆ రోజుల్లో పెద్దబాతులకి వరసగా ఎగరడం కూడా రాదు. సంత విడిచాక జనం ఇంటిదారి పట్టినట్టు, అన్నీ ఒకేసారి, అడ్డదిడ్డంగా ఎగిరేవి. ఒకదాని రెక్క ఇంకొకదాని ముక్కుకి తగిలేది.

"కళ్లు కనబడవా?"

"నీకు కనబడుతున్నాయేమిటి!"

ఆకాశమంతా ఇదే గోల. చలికాలం మన వైపు గడిపి, ఎండలు మొదలవగానే ఉత్తరాన మంచుకొండలు దాటి వెళ్లి, అక్కడ గుడ్లు పెట్టుకోవాలి. పోట్లాటలతో సగం దారికే ఒంటి నిండా బొప్పెలు.

సరే, బాతుల్ని అలా గాలిలో ఉంచి కిందికి వద్దాం.

కింద పేరంటాలు అనే ఆవిడకి ఒక్కటే మడి ఉంది. మంచి నల్లమట్టి. కాలు పెడితే చెప్పు మట్టిదే, మనది కాదు. ఆ ఏడాది కాలువ బాగా ఆలస్యంగా వచ్చింది. మామిడిపిందెలు రాలుతుంటే అప్పుడు తీరిగ్గా వచ్చింది. పైగా వస్తూనే గట్టు మీద నుంచి కబురు చెప్పింది.

"పేరంటాలూ, ఇవాళ నీ వంతు. పొద్దు గుంకేదాకే. ఆ తరవాత పక్క ఊరు. మళ్లీ నీ దగ్గరికి రావడానికి పదిహేను రోజులు."

"పదిహేను రోజులా! నారు అప్పుడే పీకేశాం. అన్నాళ్లు ఉంచితే ఎండి గడ్డయిపోదూ?"

"అది నారుని అడుగు. నేను నీళ్ల సంగతే చెబుతాను," అంది కాలువ. కాలువలు అంతే. వంపులు వంద తిరుగుతాయి గానీ మాటలో మాత్రం ఒక్క వంపు ఉండదు.

పొద్దు గుంకేలోగా నాట్లు వేసి, కొత్త నీరు కట్టాలి. లేకపోతే ఆ ఇంట్లో ఏడాది పొడుగునా తిండి లేదు. సంగతి అదీ. పేరంటాలు ఆరుగురు ఆడవాళ్లని పిలుచుకొచ్చింది. నారు కట్టలు మడి నిండా వేశారు. నాట్లు వంకర పోకుండా తాడు కట్టారు. గట్టు మీద పేరంటాలు అత్తగారు గవరమ్మ ఆకు, వక్క పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆవిడ నడుము వంగదు. నోరు బాగా వంగుతుంది, ఎటు కావలిస్తే అటు.

అప్పుడే పైన ఒక బాతు మరో బాతుని గుద్దింది. అది ఇంకోదాన్ని గుద్దింది. కిందేమో నీళ్లు నిండిన మడి అద్దంలా మెరుస్తోంది. నలభై బాతులూ కలిసి, మూట విప్పి కుమ్మరించినట్టు మడిలో పడ్డాయి.

అంత పెద్ద పిట్టల్ని అక్కడి వాళ్లు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "మబ్బు విరిగి పడిందే!" అని ఆరుగురు ఆడవాళ్లూ ఒక్క పరుగున ఊళ్లోకి పోయారు. ఒకావిడ చెంగు చిరిగి గట్టు మీదే ఉండిపోయింది, అందులో కట్టుకున్న పుల్లమామిడి కాయతో సహా.

బాతులు చుట్టూ చూశాయి. లేత నారు! నిక్కుమెడ అనే ముసలి బాతు వాటికి పెద్ద. అది ఒక కట్ట కొసలు కొరికి, "ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు. వచ్చేసరికి వడ్డించి ఉంచారు," అంది.

పేరంటాలు వెనకనుంచి వచ్చి దాని మెడ పట్టుకుంది.

"అత్తా, పొయ్యి వెలిగించమంటావా?"

"ముందు మసాలా నూరవే కోడలా," అంది గవరమ్మ, కదలకుండా. "ముసలిది. తొందరగా ఉడకదు."

నిక్కుమెడ మెడ నిక్కు ఎక్కడికి పోయిందో! "అమ్మా, అమ్మా! ఏం కావాలో చెప్పండి. మేం మర్యాదస్తులం."

"నా మనుషుల్ని తరిమేశారు. ఇక నాట్లు మీరే వేయండి. అయ్యాక గట్ల మీద గడ్డీ, మడిలో నత్తలూ అన్నీ మీవే."

"నాటడం అంటే?"

"ముక్కుతో ఒక్కో మొక్క పట్టుకుని బురదలో గుచ్చడం. తాడు వెంట వరసగా. గుచ్చుతూ వెనక్కి నడవాలి."

"వెనక్కి నడవడం మా వంశంలో లేదమ్మా!"

"మా ఆడవాళ్లకి కళ్లు ముందే ఉన్నాయి, అయినా నడవడం లేదూ? మీరూ నడవండి," అంది గవరమ్మ.

తాడు నీళ్లు తాగి బరువెక్కి బురదలో పడిపోతోంది. చేతులు లేని బాతులేం చేస్తాయి? తాడు కిందికి తల దూర్చి, తల వెనక భాగంతో దాన్ని పైకి ఎత్తి పట్టుకున్నాయి. నలభై తలలు, ఒకటే తాడు. పని మొదలైంది. పేరంటాలు కాసేపు చూసింది. సరిగ్గానే వంగుతున్నాయి, సరిగ్గానే గుచ్చుతున్నాయి అనిపించింది. "అత్తా, చూస్తూ ఉండు. నేను వెళ్లి మనవాళ్లని బతిమాలి తీసుకొస్తాను," అని ఊళ్లోకి పోయింది.

అత్తగారు చూస్తూ ఉంది. కాసేపు కళ్లు తెరిచి, ఆ తరవాత కళ్లు మూసి. చైత్రమాసపు ఎండ, కాలువ గాలి, నోట్లో తాంబూలం. ఆవిడని ఏమనడానికీ లేదు. ఇలాంటి ఎండలో లెక్కల క్లాసులో నేను నిద్రపోయేవాణ్ణి, తాంబూలం లేకుండానే.

ఊళ్లో ఒక్కరూ కదలలేదు. "మబ్బు మళ్లీ విరిగితే?" అన్నారు. పేరంటాలు ఒక్కతే చద్దన్నం కుండతో తిరిగొచ్చింది. అప్పటికి గవరమ్మ లేచి కళ్లు నులుముకుంటోంది.

"ఏమేవ్ కోడలా! మడికి గడ్డం మొలిచిందేమిటే?"

పేరంటాలు చూసింది. బాతులు మడి మొత్తం నాటేశాయి. వరసలు సూటిగా, ముచ్చటగా ఉన్నాయి. కానీ ప్రతి మొక్కకీ ఆకులు బురదలో ఉన్నాయి. వేళ్లు పైన గాలికి ఊగుతున్నాయి.

"ఏమిటిది?" అని కేక పెట్టింది.

నిక్కుమెడ ఛాతీ విరుచుకుంది. "బాగుందా అమ్మా?"

"తలకిందులుగా నాటారు కదయ్యా!"

బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "తలకిందులా?" అంది నిక్కుమెడ. "అమ్మా, మేం నీళ్లలో దిగి తిండి తినేటప్పుడు తల కిందికి పెడతాం, తోక పైకి పెడతాం. నీళ్లలో నిలబడే పద్ధతి అదే కదా! పాపం మొక్కలకి తెలియదేమోనని మేమే తిప్పి పెట్టాం."

గవరమ్మ నవ్వింది. తాంబూలం గొంతుకి అడ్డం పడి, దగ్గి, మళ్లీ నవ్వింది. పేరంటాలు మాత్రం నవ్వలేదు. గట్టు మీద కూలబడి సూర్యుడి వంక చూసింది. ఆయన అప్పటికే పడమటి తాటిచెట్లకి రెండు బారల ఎత్తులో ఉన్నాడు.

"నాయనా, కాస్త ఆగుదూ!"

"ఎలా ఆగనమ్మా? అవతలి దేశంలో కోళ్లు అప్పుడే గొంతు సవరించుకుంటున్నాయి," అన్నాడు సూర్యుడు. ఆయనా నవ్వు ఆపుకోలేక ఎర్రబడుతున్నాడు.

పేరంటాలు కుండ పక్కన పెట్టి, మోకాళ్ల మీద తల వాల్చింది. "ఇంట్లో నలుగురు పిల్లలు, ఈ ముసలావిడ. ఈ నారు పోతే వాళ్లకి ఏం పెట్టను?" అంది, ఎవరితోనూ కాదు.

ఆ మాట నిక్కుమెడ విన్నది. దానికి పిల్లల మాట అర్థమవుతుంది. కొండలు దాటి అది వెళ్లేదే పిల్లల కోసం కదా!

"లేవండి!" అని బాతులమీద అరిచింది. "అన్నీ పీకండి! తిప్పండి! వేళ్లు కిందికి!"

"తాడు పెట్టిన చోట తల మండుతోంది, తాతా," అంది ఒక బాతు.

"అయితే అందరూ తాడు వేలెడు పైకి పెట్టుకోండి. పని మాత్రం ఆపకండి."

ఈసారి పేరంటాలు కూడా బురదలోకి దిగింది. గవరమ్మ గట్టు మీద నుంచి నాట్ల పాట ఎత్తుకుంది. ఆవిడ ఒక చరణం పాడితే నలభై బాతులూ "ఆఁగ్! ఆఁగ్!" అని వంత పాడాయి. రాగం కుదరలేదు గానీ చేయి కుదిరింది, అంటే ముక్కు కుదిరింది. వెనక్కి నడవడంలో నిక్కుమెడ అందరికంటే చురుకు. మధ్యలో అది లాక్కుపోతుంటే తాడు వంగి, రెండు కొసలూ ఆలస్యంగా వెంటపడేవి.

చివరి మొక్క గుచ్చేసరికి సూర్యుడు సగం మునిగాడు. పేరంటాలు గండి తెరిచింది. కొత్త నీరు గలగలా మడిలోకి వచ్చి, వేళ్లు కిందికీ ఆకులు పైకీ ఉన్న మొక్కల మధ్య సర్దుకుంది. సూర్యుడు పూర్తిగా మునిగాడు. కాలువ ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు బాతులు ఒకదాన్నొకటి చూసుకుని గొల్లుమన్నాయి. ప్రతి తల వెనకా రెండు నల్లటి బురదచారలు!

"కాలువమ్మా, తల కడుక్కోవాలి, ఒక్క దోసెడు నీళ్లు!"

"వంతు అయిపోయింది," అంది కాలువ.

"అరదోసెడు?"

"పక్క ఊరి వాళ్లకి నేనేం చెప్పుకోను?"

మడిలో నీళ్లు ముట్టుకుంటే మొక్కలు కదులుతాయి. అంతసేపు నాటినవి ఎవరు కదుపుతారు? బాతులు ముట్టుకోలేదు.

"ఉండనివ్వండ్రా, బాగుంది," అంది గవరమ్మ. "పని చేసిన వాళ్ల మొహంలా ఉంది."

గట్ల మీద గడ్డి కడుపునిండా తిని, తెల్లవారుతుండగా బాతులు లేచాయి. అలవాటు చూడండి! ముందు నిక్కుమెడ లేచింది. తల వెనక తాడు ఇంకా ఉన్నట్టే, మిగతావి దానికి అటూ ఇటూ ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి సర్దుకున్నాయి. ఒక్క రెక్కా ఇంకొకదానికి తగలలేదు. పొద్దెక్కేసరికి అవి మంచుకొండల మీద ఉన్నాయి. అక్కడ సూర్యుడు మరీ దగ్గర. తలల మీద నల్లమట్టి ఆ ఎండకి కాలి, ఈకల్లోకి ఇంకిపోయింది.

అప్పటినుంచే పెద్దబాతులు ఆకాశంలో మధ్యకి వంగిన నాట్ల తాడులా ఎగురుతున్నాయి. "ఆఁగ్! ఆఁగ్!" అని ఆ పాటకి ఇంకా వంత పాడుతూనే ఉన్నాయి, రాగం ఇప్పటికీ కుదరలేదు. ఎండలు మొదలయ్యే వేళ ఎక్కడ నీళ్లు నిండిన మడి కనబడినా, మొక్కలు సరిగ్గా నిలబడ్డాయో లేదో చూసి పోదామని ఒకసారి దిగుతాయి. తల వెనక గీతలు కూడా అలాగే ఉండిపోయాయి. కింది గీత తప్పు చేసినప్పటిది. పై గీత దిద్దుకున్నప్పటిది.